గోదావరి ఎత్తుకపోయిందని చెప్పిన బడి

ఈ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. తమ్ముడికి తెలియదు, నా భర్తకు తెలియదు. ఏళ్లుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. అందరూ నవ్వుతున్నప్పుడే అది మరీ బరువనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో.

మా నాన్న సైన్యంలో పనిచేసి, బయటికొచ్చాక ఆర్కిటెక్చర్ చదివి, ఖమ్మంలో ఆఫీసు పెట్టుకున్నాడు. ఫిరంగుల మోతకు కుడి చెవి ఎప్పుడో పోయింది. "కుడి చెవి సర్కారుకిచ్చిన, ఎడమ చెవి మీ అమ్మకిచ్చిన, ఇగ నా మాట నాకే ఇనపడదు" అనేవాడు. మా ఇంటి ప్లాను గీసినప్పుడు అన్నిటికన్నా పెద్ద కిటికీ వంటింటికి పెట్టాడు. అమ్మ ఎక్కువసేపు నిలబడేది అక్కడే కదా అన్నాడు. అడవి సైట్ల నుంచి వచ్చేటప్పుడు జేబుల నిండా తునికిపండ్లు తెచ్చేవాడు. చొక్కా పాడైందని అమ్మ తిడితే, మెల్లగా కుడి చెవి అటు తిప్పేవాడు.

కట్టినవాటిలో ఆయనకు ప్రాణం ఒక బడి. భద్రాచలం దాటి అడవి దారిలో పోతే, గోదావరికి దగ్గరగా ఒక కోయగూడెం ఉంది. ఒక వానాకాలమంతా అక్కడే ఉండి నది పోకడ చూసి, నేల మీద మనిషెత్తు అరుగు లేపి, దాని మీద బడి కట్టాడు. ఇంత ఎత్తెందుకని తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే, "బడికొచ్చినోళ్లు పైకి రావాలె గద సార్, అందుకే మెట్లు పెట్టిన" అన్నాడట.

అమ్మ పోయాక ఎడమ చెవి కూడా మూతపడుతూ వచ్చింది. ఫోన్లో మాట వినపడేది కాదు. పేపరు చదవడానికి కళ్లు సహకరించేవి కావు. లోకంలో ఏం జరిగినా నేను ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాలి. నేను చెప్పిందే ఆయనకు లోకం.

ఆ ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. నీళ్లు తీశాక నాన్న అడగడం మొదలుపెట్టాడు. "బడి ఎట్లుందో సూసొద్దాం పా బిడ్డా." టీ తాగుతూ అడిగేవాడు. నేను కాలేజీకి పాఠాలు చెప్పడానికి బయల్దేరుతుంటే గేటు దగ్గర నిలబడి అడిగేవాడు. వచ్చే వారం అన్నాను. పరీక్షలయ్యాక అన్నాను. ఆయన మోకాళ్లు, దారిలో పదే పదే బండి ఆపాల్సి రావడం, తిరిగొచ్చాక ఆయన జ్వరం. ఇవన్నీ నిజాలే. కాని నిజంగా కుదరకనేనా? ఒక్క రోజు సెలవు పెట్టలేనా? విసుగు. దానికి ఇంకో పేరు వెతకడం అనవసరం.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ మళ్లీ అడిగాడు. నేను చెయ్యి కడుక్కొని వచ్చి, ఆయన ఎడమ చెవి దగ్గర వంగి చెప్పాను.

"బడి లేదు నాన్నా. వరదకు పోయింది."

"ఏందీ?"

ఆయనకు వినపడలేదు. అక్కడ ఆగిపోవచ్చు. ఏం లేదు నాన్నా, తిను అనొచ్చు. ఇప్పటికీ ఆ క్షణం దగ్గరికే పోయి నిలబడతాను. నేను గొంతు పెంచాను.

"పోయింది. గోదావరి ఎత్తుకపోయింది."

కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. తలెత్తి అడిగాడు.

"పిల్లలో?"

"బాగనే ఉన్నరు."

తల ఊపాడు. తర్వాత నా వైపు చూసి, నవ్వే ప్రయత్నం చేశాడు. "గోదారికి నా డిజైన్ నచ్చినట్టుంది బిడ్డా. అడగకుండ పట్టుకపోయింది."

ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఇల్లు నిశ్శబ్దమైంది. మొదట్లో ఆ నిశ్శబ్దం నాకు హాయిగా ఉంది. ఇది రాయడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. తమ్ముడు మేడ మీద గది వేద్దామని సలహా అడిగితే, "నన్నడగకురా, నా లెక్క తప్పుతది" అన్నాడు. అది విన్నప్పుడైనా చెప్పాల్సింది. చెప్పాలనే అనుకున్నాను. అబద్ధమని చెబితే నన్ను ఏ కళ్లతో చూస్తాడోనని రేపు, రేపు అనుకుంటూ గడిపాను. చలికాలం చివర్లో నాన్న పోయాడు.

అస్థికలు భద్రాచలంలో కలిపాక తమ్ముణ్ని బస్సెక్కించి, పనుందని చెప్పి, నేను ఆటోలో గూడేనికి పోయాను. అప్పటికి బడి ఉందో లేదో నాకు నిజంగా తెలియదు.

ఉంది. వరద నీటి మరక పైమెట్టు కింద ఆగిపోయింది. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. వంట చేసే ముసలామె నేనెవరో తెలుసుకుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"వరదల ఊరంత దీని మీదనే ఉన్నమమ్మా. పసిపిల్లలు, మేకలు, అందరం. సారు లేకపోతే మేం లేం. సారొస్తడని ఎదురు సూసినం. రాలేదేంది?"

"ఒంట్లో బాగలేక రాలేకపోయిండమ్మా" అన్నాను.

తమ్ముడితో కూడా ఏమీ చెప్పలేదు. నాన్న ఏడాది మాసికానికి చుట్టాలంతా చేరినప్పుడు వాడు, నాన్న తనతో కూడా అన్న గోదారి డిజైన్ మాట చెప్పి అందరినీ నవ్వించాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ చెబుతాడు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వుల మధ్య నాన్న ఒక్కసారి కనబడితే చాలనిపిస్తుంది. ఆయన ఎడమ చెవి దొరికితే చాలు.

అది దొరకదు. మీరు క్షమిస్తారని ఇది రాయలేదు. క్షమించాల్సినవాళ్లు మీరు కాదు. ఆ ముసలామె మొహం చూస్తూ అనలేకపోయిన మాట ఒక్కసారైనా ఎక్కడైనా అనాలి. ఆయన రాలేకపోలేదమ్మా. నేనే రానివ్వలేదు.