ఇనుము చోటు మారలేదు

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక మే నెల మొదటి వారంలో, అంగారక గ్రహం మీది మట్టిని విశ్లేషించే పరికరాన్ని నూజివీడు దగ్గరి మామిడి తోటలో పరీక్షించే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ఆ ప్రాజెక్టుకు డిప్యూటీ డైరెక్టర్ని. చోటు సూచించింది కూడా నేనే. తోట మా బావమరిది రంగారావుది, నేలేమో ఇనుము పుష్కలంగా ఉన్న ఎర్ర నేల. అంగారకుడి మీద చలే ఎక్కువ. అయినా డిటెక్టర్‌ని చల్లబరిచే భాగం ఎంత వేడి వరకు పనిచేస్తుందో తేల్చమని రివ్యూ కమిటీ అడిగింది. వేడి కావాలంటే మే నెలలో మా వైపు రావడమే మంచిదని వాదించి ఒప్పించాను.

పరికరం పనిచేసే తీరు చెప్పడానికి సులువే. అంగారకుడి మీద తిరగాల్సిన చక్రాల యంత్రం, రోవర్, తన చేత్తో దాన్ని నేలకు దాదాపు ఆనిస్తుంది. అందులోని రేడియోధార్మిక సోర్సు కిరణాలు మట్టికి తగిలితే, మట్టిలోని ఒక్కో మూలకం తనదైన శక్తితో ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. డిటెక్టర్ వాటిని లెక్కపెడితే తెర మీద ఒక్కో మూలకానికి ఒక్కో శిఖరం లేస్తుంది. ఒక్క కొలతకు గంట పట్టేది.

ఆ డిటెక్టర్‌ని తయారుచేసింది పద్మజగారు. ఆరేళ్ల శ్రమ ఆమెది. మర్నాటి రివ్యూలో పరికరం నిలబడితే ఆమెను డిటెక్టర్ విభాగానికి అధిపతిని చేయాలని మాలో మేము అనుకున్నాం. నిలబడకపోతే పరికరమూ ఉండదు, పదవీ ఉండదు.

నాకు ఓపిక మొదటినుంచీ తక్కువ. ఆ రోజు మరీ కాలు నిలవలేదు. సోర్సు ఉంది కాబట్టి నిబంధన ప్రకారం చుట్టూ తాడు కట్టించి, రంగారావునీ కాయలు కోసే కూలీలనీ అవతలే ఆపేశాం. పన్నెండింటికి మొదటి కొలత వచ్చింది. ఇనుము, సిలికాన్, టైటానియం అనుకున్నట్టే ఉన్నాయి. కానీ క్లోరిన్ శిఖరం నిటారుగా లేచి ఉంది. కాల్షియం కూడా ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ.

గాలిలో ఆర్గాన్ అనే వాయువు ఉంటుంది. తెర మీద దాని శిఖరం క్లోరిన్ పక్కనే వస్తుంది. వేడికి డిటెక్టర్ లెక్క జారి, ఆర్గాన్‌ని క్లోరిన్ చోట చూపిస్తోందని అక్కడికక్కడే తేల్చేశాను. కాల్షియం ఎందుకు పెరిగిందో ఆ వాదన చెప్పదు. దాన్ని నేను పట్టించుకోలేదు.

పద్మజగారు తెర వంక చూస్తూ అన్నారు: "సార్, ఇనుము చోటు మారలేదండి. లెక్క జారితే అన్నీ జారాలి కదా. ఒక్కసారి బసాల్ట్ బిళ్ల కొలిచి చూద్దామండి."

బసాల్ట్ బిళ్ల అంటే రోవర్ మీద బిగించి ఉండే రాతి ముక్క. అందులో ఏ మూలకం ఎంత ఉందో మాకు ముందే తెలుసు. పరికరం మీద అనుమానం వస్తే మొదట దాన్ని కొలవాలని మా పద్ధతుల పుస్తకంలో రాసి ఉంది. ఆ పేజీ కింద సంతకం నాదే. కానీ ఇంకో గంట ఆగాలి. నేను చెట్టు నీడకు వెళ్లి డైరెక్టర్‌గారికి ఫోన్ చేసి, డిటెక్టర్ వేడికి నిలవలేదని చెప్పాను. పద్మజగారికి వినపడేంత దూరంలోనే ఉన్నాను. ఆమె రోవర్ చేతిని బిళ్ల వైపు తిప్పి కొలత మొదలుపెట్టారు.

ఒంటిగంటకు రంగారావు పాకలో విస్తళ్లు వేయించాడు. వడ్డిస్తూ మొహమాటపడ్డాడు. "బావగారూ, వాసన ఇంకా వస్తోందా అండీ? రాలిన పళ్లకి ఈగలు ముసురుతున్నాయని, గేటు దగ్గర్నుంచి నిన్న మీరు చెప్పిన వరస పొడుగునా బ్లీచింగూ సున్నం కలిపి చల్లించా. దుమ్ము లేవకుండా వరసలో నీళ్లు కూడా కొట్టించా, తెలుపంతా మట్టిలోకి దిగిపోయింది."

బ్లీచింగ్‌లో క్లోరిన్, సున్నంలో కాల్షియం. పొద్దున్న తోట గేటు దగ్గర దారికి రెండు వైపులా తెల్లటి గీతలు చూసి, బావమరిది ఆఫీసరు హోదాకి తగ్గట్టు ఏర్పాట్లు చేశాడని లోలోపల మురిసిపోయాను. నా బూట్ల అంచులకు ఇంకా ఆ తెలుపు ఉంది. సిగ్గేసింది.

పద్మజగారు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి చూసుకొచ్చారు. బసాల్ట్ బిళ్ల కొలతలో అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. ఆ తర్వాత రోవర్‌ని ఏమీ చల్లని నాలుగో వరసకు తీసుకెళ్లి కొలిచాం. క్లోరిన్ లేదు. నేను మళ్లీ ఫోన్ చేశాను. పొద్దున్నటి మాట కమిటీ ఛైర్మన్‌కి అప్పుడే చెప్పేశానని డైరెక్టర్‌గారు అన్నారు.

మర్నాడు పరికరం నిలబడింది. అనుమానం తొలగిందని మినిట్స్‌లో రాశారు. కానీ నిన్ననే అనుమానం వచ్చిన డిటెక్టర్ తయారుచేసిన మనిషికి ఇవాళే పదవి ఎందుకని ఎవరో అన్నారు. దాంతో నియామకం వాయిదా పడింది. నేను క్షమాపణ చెప్పుకుంటే పద్మజగారు, "పర్లేదు సార్. ఇకనుంచి రీడింగ్ నోటితో చెప్పనండి, రాసిస్తాను" అన్నారు. నేను రిటైరయ్యేదాకా ఆమె ప్రతి రీడింగూ కాగితం మీద, టైమూ సంతకమూ వేసి ఇచ్చారు.

రంగారావు మాత్రం ల్యాబ్‌కి రెండు పెట్టెల చిన్నరసాలు పంపి, మట్టి బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను.

పరికరాన్ని అనుమానించే ముందు తెలిసిన రాయిని కొలవాలి. నేలను నమ్మే ముందు, దాన్ని మన కోసం ఎవరు ఎలా సిద్ధం చేశారో అడగాలి. ఆ రెండింటికీ కలిపి నాకు కావలసింది గంట. నేను గంట ఆగలేకపోయాను కాబట్టి ఆమె ఏడాది ఆగాల్సి వచ్చింది.