బొటనవేలితో తిన్న ముంజలు

మా అత్తమ్మకు ఎప్పటి నుంచో ఒకటే కోరిక. టీవీలో చూసిన కంబోడియా గుడిని, ఆ రాతి గోపురాలను కళ్లారా చూడాలి. చండ్రుగొండలో నేను పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులు ఇవ్వగానే ఇద్దరికీ టికెట్లు తీశాను. "మా కోడలు ఇమానమెక్కించి గుడి చూపిస్తదట" అని ఆమె వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోయింది.

దిగిన రోజే చిక్కు వచ్చింది. కూరగాయల పులుసని తెచ్చిపెట్టిన గిన్నెలో చిన్న చేప తేలింది. అత్తమ్మ నీసు మానేసి చాలా ఏళ్లయింది. ఇక ఆ తర్వాత ఏది పెట్టినా వాసన చూసి పళ్లెం పక్కకు జరిపేది. రెండు రోజులు అరటిపళ్లతోనూ, ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలతోనూ నెట్టుకొచ్చింది. సకినాలూ అయిపోయాయి. మూడో రోజు పొద్దున మంచం దిగబోయి, కళ్లు తిరిగి మళ్లీ కూర్చుండిపోయింది. గుడికి వెళ్లాల్సింది మర్నాడే.

"నన్ను ఇంటికి తోలియ్యి బిడ్డా. నాకు గుడీ వద్దు, ఏం వద్దు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇంత దూరమొచ్చినంక గిట్లంటే ఎట్ల అత్తమ్మా? జర ఒక్క ముద్దన్న తినరాదుండ్రి!" అని గట్టిగానే అరిచాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అరిచిన మరుక్షణమే నా నోటిని నేనే తిట్టుకున్నాను. ఇక లాభం లేదని టికెట్లు మార్పించడానికి విమానాశ్రయానికి ఆటోలో బయలుదేరాం.

ఊరు దాటాక రెండు వైపులా వరి మళ్లు, గట్ల మీద తాటిచెట్లు. సీటుకు వాలిపోయి ఉన్న అత్తమ్మ మెల్లగా లేచి మెడ చాచింది.

"ఆపుమను బిడ్డా, ఆపుమను!"

రోడ్డు పక్క పందిరి కింద ఒకావిడ తాటికాయలు కోస్తోంది. కాయ చీల్చి, ముంజ ఊడదీసి, తోలు ఒలిచి సంచిలో వేస్తోంది. ఒలిచేటప్పుడు కత్తి మొన తగిలి ముంజ నీళ్లు కారిపోతున్నాయి. అది చూసి అత్తమ్మ ప్రాణం తట్టుకోలేదు.

"ఏందమ్మా గది? నీళ్లన్నీ నేలపాలు జేస్తున్నవ్! రుచంత గా నీళ్లల్లనే గదా ఉన్నది!"

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్తమ్మ ఒక కాయ తీసి, పై చెక్కు మాత్రం కోయమని సైగ చేసింది. కోసి ఇచ్చాక మూడు కళ్లలో ఒక దానిలో బొటనవేలు పెట్టి, గుండ్రంగా తిప్పి, కాయను నోటికెత్తి జుర్రుకుంది. నీళ్లు గడ్డం మీదుగా కారాయి. ఆవిడ నోరు తెరుచుకుని చూసి, కత్తి పక్కన పడేసి పడీ పడీ నవ్వింది. తానూ ఒక కాయలో వేలు పొడిచింది. నీళ్లు ఎగిరి ముక్కు మీద పడ్డాయి.

"గట్ల పొడువద్దు! మెల్లగ తిప్పాలె, మెల్లగ" అంటూ అత్తమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని నేర్పింది. ఆటో అతను తానూ ప్రయత్నించి చొక్కా తడుపుకున్నాడు. మూడు రోజుల తర్వాత నేనూ కడుపారా నవ్వాను.

ఆవిడ చప్పున లోపలికి వెళ్లి, నిప్పుల మీద కాలిన ఒక వెదురుబొంగు తెచ్చింది. చెరకు ఒలిచినట్టు దాని పొర ఒలిచింది. లోపల బొబ్బర్లు, కొబ్బరి వేసి ఉడికించిన మెత్తటి అన్నం. అత్తమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను.

"మన అడివిల బొంగుల పెట్టి కూర వండుతరు సూడు, గదే వాసన" అని ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని ఇంకో ముక్క చేతిలో పెట్టింది. అత్తమ్మ వద్దనలేదు. బొంగు ఖాళీ అయ్యేదాకా అట్లా ఒకరు పెడుతూ, ఒకరు తింటూ ఉంటే నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. అంత సంతోషం వేసింది నాకు.

ఆటో ఎక్కాక, విమానాశ్రయానికేనా అని అతను అడిగాడు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఇంకా వేలికంటిన ముంజ నీళ్లు చీకుతోంది.

"గా గుడికి మెట్లు శానుంటయా బిడ్డా?"

"శాన ఉంటయి అత్తమ్మా. నిట్టనిలువుగుంటయి."

"అయితే రేపటికి ఇంకో రెండు బొంగులు కట్టియ్యమను."