ఏడో ముక్క

మొన్న ఏర్పేడు దగ్గరి కళాశాలకు పిలిస్తే వెళ్లాను. అక్కడొక విద్యార్థిని పలుచని లోహపు పొరలున్న గాజు ముక్కలను చూపిస్తూ, ఒకదాన్ని మాత్రం అయాన్లతో కొట్టకుండా విడిగా దాచుకుంటామని చెప్పింది. నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఆ వెంటనే అమ్మ గుర్తొచ్చింది.

తొంభైల్లో తిరుపతిలో నా పరిశోధన. గాజు పలక మీద కోబాల్టు, ప్లాటినం పొరలను దోసెల దొంతరలా ఒకదానిమీద ఒకటి, కంటికి ఆనని మందంతో పరిచేవాళ్లం. వాటిలో అయస్కాంతత్వం నిటారుగా నిలబడి ఉంటుంది. వేగంగా దూసుకొచ్చే అయాన్లతో కొడితే పొరల హద్దులు కలిసిపోయి, అది పక్కకు ఒరుగుతుంది. ఎంత కొడితే ఎంత ఒరుగుతుందో తేల్చడమే నా పని. కొట్టే యంత్రం ఢిల్లీలో ఉండేది, ఏడాదికోసారి మూడు రోజులు ఇచ్చేవారు.

ఒకే పలకను ఏడు ముక్కలు చేశాను. అంచు విరిగిన ఏడోదాన్ని పనికిరాదులే అని ఇంటికి తీసుకెళ్తే, తొలి కాయైనా తొలి జీతమైనా దేవుడి ముందు పెట్టే మా అమ్మ దానికీ కుంకుమబొట్టు పెట్టి పటాల దగ్గర ఉంచింది. మిగిలిన ఆరింటిలో ఒకటి కొట్టకుండా అట్టిపెట్టాలి. కానీ ఢిల్లీలో ముక్కలు బిగించే పట్టీ మీద ఒక చోటు ఖాళీగా కనబడేసరికి, మెతుకు కూడా పారేయనివ్వని ఇంట్లో పెరిగినదాన్ని, ప్రాణం ఒప్పక ఆరోదాన్నీ బిగించి కొట్టించేశాను.

తిరిగొచ్చాక మా గురువుగారు కోప్పడకుండా ఒక్క మాటే అడిగారు.

"ఇప్పుడు దేంతో పోల్చి చెప్తావమ్మా?"

నా ఫెలోషిప్ ఆ సంవత్సరంతో ఆఖరు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటేనే పటాల దగ్గరి ముక్క మనసులో మెదిలి, దొరికిన బస్సెక్కి పూతలపట్టు పక్కనున్న మా ఊరికి పరిగెత్తాను.

దేవునికి పెట్టింది మళ్లీ ఎట్లా తీసుకుంటావని అమ్మ అడ్డం నిలబడింది. నాయన పొలం నుంచి అప్పుడే వచ్చి, కాళ్లు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"ఆ సామి తిరుమల కొండమీద సల్లంగా ఉండాడు, ఈ గాజుపెంకు ఏం జేసుకుంటాడు? బిడ్డకియ్యి."

అమ్మ దాన్ని కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టింది. కుంకుమ అంటిన మూలను మాత్రం విరిచి తనకే ఇమ్మంది.

ఆ ముక్కలో అయస్కాంతత్వం నిటారుగానే ఉంది. దాని పక్కన పెట్టి చూస్తేనే మిగతా ఆరూ ఎంతెంత ఒరిగాయో తెలిసింది. పట్టా వచ్చింది.

ఇప్పుడు నాయనా లేడు, అమ్మా లేదు. కుంకుమ మూల నా పటాల దగ్గరికి చేరింది. ఊళ్లు తిరిగాను, ఉద్యోగాలు చేశాను, నేనూ తక్కువ దెబ్బలు తినలేదు. ఎప్పుడింటికి వెళ్లినా అమ్మ నన్ను తేరిపార చూసి, మారిపోయినావే పాపా అనేది. ఎంత మారానో ఆమెకే తెలుసు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు.