చలువ చేసే షర్బత్

నా మొహం మీద మొటిమల గురించి మా ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "ఒళ్లు వేడి చేసింది." అప్పుడు డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. తర్లుపాడు నుంచి మార్కాపురానికి బస్సులో వెళ్తూ కళ్లు తప్ప మొహమంతా చున్నీతో చుట్టేసేదాన్ని. ఎండకని చెప్పేదాన్ని, ఒట్టి అబద్ధం. మా చర్చిలో ఈస్టర్‌కి సోలో పాట ఏటా నాదే. నా గొంతు మంచిది, ఆ విషయంలో లేని వినయం నటించను. కానీ అంతమంది ముందు ఆ మొహంతో నిలబడటం నా వల్ల కాదనిపించి, ఈసారి పాడనని పాస్టర్ గారి భార్యకు చెప్పేశాను. "ఆ రోజు దాకా నీ పాట ఎవరికీ ఇయ్యనమ్మా," అందామె.

అమ్మ కలుపు కూలికి పోయేది. నేను పాడనన్నానని తెలిసి నా తిండి మీద పడింది. శనక్కాయలు వేడి, బంద్. గుడ్డు వేడి, బంద్. మటన్ సంగతి అడగనే అక్కర్లేదు. చలువ చేయాలని నన్నారి షర్బత్ సీసాలు తెచ్చి పొద్దున ఒక గ్లాసు, కాలేజీ నుంచి రాగానే ఒకటి, అన్నం తిన్నాక ఇంకొకటి పోసేది. పైగా ప్రతి శుక్రవారం నా మొహం కోసం ఉపవాస ప్రార్థన, ఆ ఎండలో పనికి పోతూనే.

నెల తిరిగేసరికి మొటిమలు మెడ దాకా దిగాయి. "లోపల ఇంకా వేడి ఉందే," అని అమ్మ పెద్ద గ్లాసు తీసింది.

చివరికి మార్కాపురంలో చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఏం తింటావని ఆమె అడిగితే, ఏమేం మానేశానో గడగడా అప్పజెప్పాను.

"తినేదేందమ్మా అంటే మానేసింది చెప్తావేంది? తాగేదేంది?"

"షర్బత్ మేడం, చలువకు. రోజుకు మూడు గ్లాసులు," అంది అమ్మ గర్వంగా.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అదంతా చక్కెర పాకమక్కా! తీపి ఎక్కువైతే కొందరికి మొటిమలు ముదుర్తాయి. అందరికీ కాదు, ఈ పిల్లకు అట్లనే ఉన్నట్టుంది. ఆపి చూడండి. గుడ్డు, శనక్కాయలు పెట్టండి, పాపం." పూతమందు రాసిచ్చి, రెండు మూడు నెలలు ఓపిక పట్టమంది.

తిరుగు బస్సులో అమ్మ ఏడ్చింది. "నా చేత్తోనే పోసినాను గదే."

"నువ్వు పోసినావు, నేను తాగినాను. ఇద్దరికీ బుద్ధి లేదు, ఊరుకో," అన్నాను.

ఈస్టర్ నాటికి కొత్తవి రావడం తగ్గింది గానీ మచ్చలు అలాగే ఉన్నాయి. వెనక వరసలో గోడ పక్కన కూర్చున్నాను. పాటకు ముందు, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని అమ్మ లేచింది. దేవుడు నయం చేశాడని చెప్తుందనుకున్నాను.

"చలువ అనుకోని నా బిడ్డకు మూడు పూటలా చక్కెర తాపినాను. ఒక పక్క ఉపవాసముండి దేవుణ్ణి అడుగుతానే, ఇంకో పక్క గ్లాసు నింపినాను. ఆయనేం చేస్తాడు? తప్పు నాది. నా మాదిరి చేయొద్దండి, డాక్టరుకు చూపీండి."

చర్చి అంతా గొల్లున నవ్వింది. తలలన్నీ నా వైపు తిరిగాయి. అయ్యో దేవుడా, పరువు తీసింది! కానీ అమ్మ నవ్వడం లేదు. చెప్పడం అయిపోయినా కూర్చోకుండా, కొంగు గుప్పిట్లో నలుపుతూ నన్నే చూస్తోంది. ఇంక దాచుకోవడానికి నాకేం మిగిలింది? లేచి ముందుకెళ్లి మైకు అందుకున్నాను.

నేను రెండో చరణంలోకి వచ్చాక గానీ అమ్మ కూర్చోలేదు.