గడపలో అనకూడని మాట

మా పై అంతస్తులో ఉండే ఆవిడ వారానికోసారి నూలు చీరలకు గంజి పెట్టి బాల్కనీలో ఆరేస్తుంది. హన్మకొండ ఎండకు ఆ పులిసిన వాసన మెల్లగా కిందికి దిగి, నేను సోషల్ పేపర్లు దిద్దుకునే గదిలోకి వచ్చేసరికి చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోతుంది. మొన్న అట్లా ఆగినప్పుడు దిద్దుతున్నది వలసల పాఠమే. ప్రజలు ఒకచోటి నుంచి మరొకచోటికి ఎందుకు వెళ్తారని అడిగితే మా పిల్లలందరూ వర్షాభావం, ఉపాధి, విద్య, వైద్యం అని గైడులో ఉన్న వరసలోనే రాసి అయిదుకు అయిదు తెచ్చుకుంటారు. నేనూ వేస్తాను. వేయక ఏం చేస్తాను, జవాబు తప్పు కాదు కదా.

నా చిన్నప్పుడు కాశిబుగ్గలో మా గల్లీ పొద్దున్నే గంజి వాసనతో లేచేది. ఆ చివర నుంచి ఈ చివర దాకా కర్రల మీద నూలు పడుగు సాగదీసి, మగవాళ్ళు అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద పెద్ద కుంచెలతో గంజి పట్టిస్తుంటే, ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలని తొందర, ఆ తొందరలో మేకలు పడుగు కిందికి దూరకుండా చూడటం మా ఆడపిల్లల డ్యూటీ. ధర్మసాగర్ చెరువు నీళ్ళు నల్లాలోకి వచ్చేది ఆ వేళకే కనుక బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళందరూ పడుగుకు తగలకుండా గోడకు ఆనుకుని నడిచేవాళ్ళు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ మగ్గం మొదలయ్యేది. మా బాపు గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని జంపఖానాలు నేసేవాడు, అమ్మ పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది, బాపు తల్లి, అంటే మా బాపమ్మ, గడపలో కూర్చుని ముక్కులోకి నశ్యం ఎగబీల్చి వచ్చేపోయే వాళ్ళందరికీ పేరుపేరునా వంక పెట్టేది. నేను కచ్చకాయలు ఎగరేస్తూ మగ్గం దెబ్బలకు లెక్క కలిపేదాన్ని.

వానకాలం వస్తే మగ్గం గుంటలో నీళ్ళూరేవి. చెంబులతో తోడి పోసినా పొద్దుటికి మళ్ళీ మోకాలెత్తు నిలిచేవి, నూలు చెమ్మపట్టి తెగేది, పని ఉండేది కాదు. అప్పుడే మగవాళ్ళు పవర్‌లూముల పనికని భివండీకి, సూరత్‌కు రైలెక్కేవాళ్ళు. మొదట నాలుగు నెలలకని పోయారు. తర్వాత సంవత్సరానికని పోయారు, మా బాపూ వాళ్ళలో ఒకడు. ఆ తర్వాత కొందరు భార్యాపిల్లల్ని కూడా తీసుకుని, ఇంటికి తాళం వేసి, తాళపుచెవి బాపమ్మకు ఇచ్చి పోయారు. ఆమె నడుముకున్న గుత్తి ఏడాదికేడాది బరువెక్కుతుంటే మాకు అది గొప్పగా ఉండేది.

దసరాకు మాత్రం అందరూ వచ్చేవాళ్ళు. సద్దుల బతుకమ్మ నాటికి గల్లీ నిండిపోయేది. నువ్వుల సత్తు, పల్లీల సత్తు, మలీద ముద్దలు ఆకుల్లో పెట్టుకుని ఇంటింటికీ పంచుకునేవాళ్ళం. భివండీ నుంచి వచ్చినవాళ్ళను చూడకుండానే గుర్తుపట్టేవాళ్ళం. ఒంటి నుంచి మిషన్ ఆయిల్ వాసన వచ్చేది, పవర్‌లూముల మోతలో బతికి చెవులు మందగించి పక్కనే ఉన్న మనిషితో కూడా అరిచి మాట్లాడేవాళ్ళు. ఇల్లు వదిలిపోయిన నాలుగో దసరాకు బాపు కూడా అట్లాగే అరిచి నన్ను పిలిస్తే కోప్పడుతున్నాడనుకుని అమ్మ వెనక్కి దాక్కున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది, ఎందుకంటే ఆయన నడుచుకుంటూ మా ఇంటికి రావడం అదే ఆఖరు.

మా ఇళ్ళల్లో బియ్యం అయిపోతే లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. తెలుగువాళ్ళందరూ అనేదే. మా బాపమ్మ ఆ పట్టింపును మనుషుల దాకా తెచ్చింది. ఊరు దాటిన మనిషిని గడపలో నిలబడి లేడు అంటే ఆ మాట రైలెక్కి పోయి అతనికి తగులుతుందని ఆమె నమ్మకం. మా గల్లీ ముసలమ్మలందరిదీ అదే నమ్మకం. రేషన్ కార్డుల సర్వేకని ఒకసారి ఎవరో సారు రిజిస్టరు పట్టుకుని వచ్చి ఇంట్లో ఎంతమంది అని అడిగాడు.

“నలుగురం,” అంది బాపమ్మ.

“కొడుకేడమ్మా, కనవడ్తలేడు?”

“ఉన్నడు బిడ్డా. గిప్పుడే బజార్‌కు పోయిండు, అత్తడు.”

బాపు భివండీ పోయి అప్పటికి రెండేళ్ళు. ఎదురింట్లోనూ ఆ సారుకు అదే జవాబు దొరికింది, పక్కింట్లోనూ అదే. ఆ రోజు కాశిబుగ్గ మగవాళ్ళందరూ ఒకేసారి బజారుకు పోయారన్నమాట. సారు నవ్వి, అందరినీ రాసుకుని పోయాడు. బాపు పేరు మీద వచ్చే బియ్యం మాకు ఆగలేదు. బాపమ్మ అబద్ధంలో నమ్మకమెంతో ఆకలెంతో నేను చెప్పలేను. రెండూ ఉన్నాయి.

అయిదో దసరాకు బాపు రాలేదు. దగ్గు వస్తోందని, తగ్గాక వస్తానని ఉత్తరం వచ్చింది. చలికాలంలో, భివండీలో బాపుతో ఒకే గదిలో ఉండే మా పక్కింటి సాంబయ్య మామ మా గల్లీ కిరాణా దుకాణానికి ఫోన్ చేసి బాపును తీసుకొస్తున్నామని చెప్పాడు. భివండీలో మావాళ్ళకు ఒక కట్టుబాటుండేది. దవాఖానలో లాభం లేదన్నారంటే, ప్రాణం ఉండగానే మనిషిని రైలెక్కించి ఇంటికి చేర్చాలి. పరాయి నేలలో పోనీయొద్దు. దానికోసం ఇద్దరు పని మానుకుని తోడు రావాలి. నాకు ఇవేమీ తెలియవు. బాపు వస్తున్నాడని మలీద చేయమని అమ్మను సతాయించాను. అమ్మ చేసింది కూడా.

మధ్యాహ్నం వరంగల్ స్టేషన్ నుంచి ఆటో వచ్చింది. చద్దరు కప్పిన బాపును సాంబయ్య మామ, ఇంకో ఆయన చెరోవైపు పట్టుకుని కూర్చోబెట్టుకుని వచ్చారు. దించాక సాంబయ్య మామ ఎప్పటిలా అరుస్తూనే చెప్పాడు, కానీ ఆ అరుపులో ఏడుపుంది.

“షోలాపూర్‌ల చాయ తాగిండు అక్కా. ఇల్లు ఇంకెంత దూరమని అడిగిండు. తెల్లారి లేపితే లేవలే. చెప్తే ఏదో టేసన్ల దించేత్తరని చెప్పలే. టీసీ అత్తే జరమచ్చి పండుకున్నడన్నం.”

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరు మగవాళ్ళు చనిపోయిన స్నేహితుడి తల ఒళ్ళో పెట్టుకుని, మధ్యమధ్య అతనితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, ఏడవకుండా వచ్చారు. ఇంతకన్నా పెద్ద పని నా జీవితంలో ఎవరూ చేయగా చూడలేదు.

వితంతు పింఛనుకు మరణ పత్రం కావాలన్నారు. కర్మకాండలయ్యాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయింది. గుమాస్తా మంచివాడే, కూర్చోమన్నాడు.

“ఎక్కడ చనిపోయిండమ్మా?”

“రైల్ల సారూ.”

“ఏ స్టేషన్ల?”

“నాకెట్ల తెలుస్తది సారూ, ఆయనతోటి వచ్చినోళ్ళకే తెల్వదు.”

ఆయన రాయబోయి కలం ఆపేశాడు. రైల్లో పోతే అక్కడే చెప్పి దించాలని, ఆ ఊళ్ళోనే కాగితం తీసుకోవాలని, చెప్పకుండా శవాన్ని తెచ్చినవాళ్ళ మీద కేసవుతుందని నెమ్మదిగా వివరించాడు. ఎవరు తెచ్చారని అడిగాడు. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లేపింది, మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. సాంబయ్య మామకు ముప్పు తెచ్చి పింఛను తినడం ఆమె వల్ల కాలేదు. ఇంట్లోనే పోయాడని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రోజే పత్రం చేతికొచ్చేది. అత్త ఒక్కసారి అబద్ధమాడి కొడుకును ఇంట్లో ఉంచింది, కోడలు ఒక్కసారి నిజం చెప్పి మొగుడి చావును పోగొట్టుకుంది. అమ్మను తప్పుపట్టేవాళ్ళు మా గల్లీలో చాలామంది ఉండేవాళ్ళు. నేనూ పెద్దయ్యాక పట్టాను, పెద్దపెద్ద మాటలే అన్నాను. ఆమె తలవంచుకుని కండెలు చుట్టుకుంది.

కాగితం లేదు కనుక బాపు చనిపోలేదు. రేషన్‌లో ఆయన బియ్యం వస్తూనే ఉన్నాయి, మేం తింటూనే ఉన్నాం. ఇంట్లో అన్నం తినేవాళ్ళు ముగ్గురు, సంచిలో వచ్చేది నలుగురి బియ్యం, అయినా నెలాఖరుకు పస్తే. బాపమ్మ చనిపోయేనాటికి ఆమె నడుము గుత్తిలో తాళపుచెవులు చాలానే ఉన్నాయి, ఇళ్ళే ఒక్కొక్కటి చేతులు మారాయి. సాంబయ్య మామ కుటుంబం భివండీలోనే నిలిచిపోయింది. నా చదువుకు, పెళ్ళికి మా ఇల్లూ అమ్మేశాం. అమ్మ నా దగ్గరే హన్మకొండలో పోయింది. పోయిన వారానికే ఆమె పత్రం వచ్చింది, పేరు అన్ని లిస్టుల్లోంచి తీసేశారు.

పోయిన నెలలో కాశిబుగ్గ ఓటర్ల లిస్టు సవరించే అంగన్‌వాడీ టీచరు ఎక్కడో నా నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. నేనే వెళ్ళాను. మా ఇల్లున్న చోట మూడంతస్తులు లేచాయి, గదుల నిండా రైస్‌మిల్లుల్లో పనిచేసే బీహారు కుర్రవాళ్ళు. ఒక్కో గదిలో ఆరుగురు. వాళ్ళ పేర్లు ఈ లిస్టులో లేవు. వాళ్ళ ఊళ్ళో లిస్టులో ఉండే ఉంటాయి, ఉన్నాడనే వాళ్ళ తల్లులు చెప్పి ఉంటారు. గల్లీలో మగ్గం చప్పుడు లేదు, గుంటలన్నీ పూడ్చి బండలు పరిచారు, పడుగు సాగదీసిన చోట బైకులు నిలబెట్టుకున్నారు.

“మీ వాడకట్టోళ్ళందర్ని షిఫ్టెడ్ అని తీసేసిన మేడం,” అంది ఆ పిల్ల. “గీ ఒక్క పేరే మిగిలింది. సర్టిఫికెట్ లేకపోతే మీ బాపు చనిపోయిండని మీరు తెల్లకాగితం మీద రాసిచ్చినా సరిపోతది.”

లిస్టులో బాపు వయసు ఏడాదికొకటి చొప్పున పెరుగుతూ వచ్చి ఇప్పుడు డెబ్బై నాలుగు. ఆ వయసు ముఖం నాకు ఊహకు అందలేదు. అక్కడే బైకు సీటు మీద కాగితం పెట్టుకుని పేరు, తేదీ రాశాను. ఎక్కడ చనిపోయారో కూడా రాయమంది. షోలాపూర్‌కు ఇవతల ఎక్కడో. ఆ రైలు దాటే స్టేషన్లన్నీ నాకు కంఠతా వచ్చు, ఎన్నిసార్లు మ్యాపులో వెతికానో.

కాశిబుగ్గలో, సొంత ఇంట్లో, అందరి మధ్య, అని రాసి సంతకం పెట్టాను. ఆ పిల్ల చదువుకుని, ఎర్ర గీత కొట్టి, పేజీ తిప్పింది. ఆ లిస్టులో ఇప్పుడు మా వాళ్ళెవరూ లేరు.