కొర్రమేను మీద కామా

అక్కచెల్లెళ్లను విడదీయడానికి పొలం తగాదాలు అక్కర్లేదండి, నాలాంటి ఇంగ్లీషు పండితుడు ఒక్కడు చాలు. మండవల్లిలో మా పిన్నులిద్దరూ కలిసి పచ్చడి పెట్టడం కొన్నాళ్లు మానేశారు. దిష్టి తగిలిందని చుట్టాలంతా ఇప్పటికీ అనుకుంటున్నారు. దిష్టి కాదు, నేను. అప్పట్లో ఆ మాట చెప్పలేదు.

కొల్లేటి కొర్రమేను ముక్కలు కడిగి వేయించడం పెద్దదైన కనకం పిన్ని పని. కారం, మసాలా కలపడం చిన్నదైన రత్నం పిన్ని పని. ఆ పచ్చడి వాసనకి పథ్యంలో ఉన్నవాడు కూడా కంచం ముందుకు జరిపేవాడు. సీసాలు ఊళ్లు దాటి పోతున్నాయి కాబట్టి లేబుల్ ఇంగ్లీషులో ఉండాలన్నారు. ఏలూరు ఆఫీసులో పనిచేసే నేను తప్ప వాళ్లకు దిక్కెవరు?

"అక్కచెల్లెళ్ల చేప పచ్చడి అని రాసిపెట్టరా."

'సిస్టర్' అని రాసి, పక్కన 'ఎస్' పెట్టి, ఆ రెండింటి మధ్య గాల్లోకి ఎగిరిన కామాలాంటి గుర్తు తగిలించాను. అపాస్ట్రఫీ అంటారు. ఎందుకు పెట్టానంటారా? పెరుగన్నంలో దానిమ్మ గింజలా అందంగా ఉంటుందని.

లేబుళ్లు సీసాలకెక్కిన రోజే రత్నం పిన్ని కొత్తకోడలు వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఇంగ్లీషు టీచరు.

"అత్తయ్యగారూ, ఈ గుర్తు ఎస్‌కి ముందుంటే ఒక్కరేనండి. ఇద్దరైతే తర్వాత ఉండాలి."

"ఒక్కరా? ఎవరమ్మా ఆ ఒక్కరూ?"

"అది రాయలేదండి."

రత్నం పిన్ని అక్క వైపు తిరిగింది. "నా కారం లేకపోతే అది పచ్చడెలా అవుద్దక్కా?"

"చేప లేకపోతే నువ్వు కలిపేది ఉత్త కారమేనే."

వెంటనే అక్క పక్కనుండగానే, స్పీకరు పెట్టి రత్నం పిన్ని నాకు ఫోను. "ఏరా, ఆ ఒక్కరూ ఎవర్రా?"

తెలియక పెట్టానంటే సరిపోయేది. పండితుణ్ని కదా, అలా ఎలా అంటాను? "అది ఇంగ్లీషువాళ్ల మర్యాదండి పిన్నీ. ఇద్దరున్నా పెద్దవాళ్లనే లెక్కేస్తారు" అన్నాను.

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. నాది గోరు కూడా కాదు, గోటి కొనంత గీత. రత్నం పిన్ని కారం డబ్బా చంకనెట్టుకుని తన ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్క ఇంట్లో కారం కుదరని చేప, చెల్లెలి ఇంట్లో చేప లేని కారం. నేను రెండిళ్లలోనూ తిని, పచ్చడి కడుపులో కలుపుకునేవాణ్ని.

ఒకరోజు కనకం పిన్ని ఫోనులో మెల్లగా అంది: "పచ్చడి పోతే పోయిందిరా. చెల్లి మాట్లాడటం లేదు."

ఆ మాటతో నా పాండిత్యం దిగిపోయింది. మండవల్లి వెళ్లి, ఆవిణ్ని వెంటబెట్టుకుని చెల్లెలి ఇంటి అరుగెక్కాను. "ఆ గుర్తు ఎక్కడ పెట్టాలో నాకు తెలీదండి. మర్యాద అన్నది నేను కల్పించిన అబద్ధం" అన్నాను.

రత్నం పిన్ని నన్ను చూడలేదు. "గీత సంగతి కాదురా. పెద్దవాళ్లే లెక్కని నువ్వంటే, అక్క కాదనలేదు చూడు."

"నాకు మాత్రం ఇంగ్లీషొచ్చా? నిజమేననుకున్నానే" అంది కనకం పిన్ని.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. చాలా రోజుల తర్వాత వాళ్లు కలిసి చేసిన పని అదే.

"క్షమించండి పిన్నీ" అన్నాను ఇద్దరికీ. "ఇక ఈ జన్మలో పచ్చడిలో వేలు పెడితే నంజుకోడానికే పెడతాను."