శాలువాను గుర్తుపట్టిన పిల్లి

కత్తెరక్క గెలిచిన తగాదాలన్నిట్లోకీ లారీ డ్రైవరుతో పడ్డదే తగాదా. ఎదురింటి ముసలావిడ గుమ్మంలో ఉల్లిపాయలు ఒలుచుకుంటూ మొదటినుంచి చివరిదాకా కళ్ళారా చూసింది. ఆ డ్రైవరు కుట్టుకొట్టు గుమ్మం నిండా నిలబడ్డాడు. కొత్త చొక్కా తొడుక్కొచ్చి, మూడో కాజా వంకరగా ఉందనీ, బొత్తాం పెడితే గుడ్డ ఓ పక్కకి లాగేస్తోందనీ వీధంతా వినపడేలా అరిచాడు.

"కాజా వంకర కాదు నాయనా, నువ్వు నిలబడ్డమే వంకర," అంది కత్తెరక్క, మెళ్ళో టేపు సవరించుకుంటూ. "ఏళ్ళ తరబడి స్టీరింగు మీద వాలిపోతే ఎడం భుజం కిందకి జారింది. ఏదీ, ఆ గోడకి ఆనుకుని నిటారుగా నిలబడు. గడ్డం పైకెత్తు. పొట్ట లోపలికి! ఇప్పుడు చెప్పు, ఎక్కడుంది వంకర?"

పొట్ట లాక్కుని ఊపిరి బిగబట్టినవాడు జవాబేం చెప్తాడు? వీధి గొల్లుమంది. డ్రైవరు మొహం ఎర్రబడి, అదే పొట్టతో, అలాగే బిగబట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరిగాక, మిషను వెనకనుంచి చిన్నామె మెల్లగా అంది. "అక్కా, కాజా వంకరే."

"నాకు కళ్ళు లేవా? రేపు కబురెట్టి ఆ చొక్కా తెప్పిద్దాం, విప్పి కుట్టు. నీ పనికి వంక పెట్టాలనుకున్నవాడు ముందు నన్ను దాటుకుని రావాలి."

చిన్నామె ఆమెకి తోడికోడలు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళు వీళ్ళిద్దర్నీ చూసి నోరు మూసుకునేవాళ్ళు. కోతా, కాలర్లూ అక్కవి. కాజాలూ, బొత్తాలూ, అంచులూ చెల్లివి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి చొక్కా మాటామంతీ లేకుండా వెళ్ళిపోయేది. కాలరు మాత్రం కత్తెరక్క ఎవరికీ ఇవ్వలేదు. "నీకెందుకే ఆ తంటా, నేను లేనూ?" అనేది.

ఈమధ్య చిన్నామెకి మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి పట్టుకుంది. "ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చవే," అని కత్తెరక్కే తరిమేసి, మిగిలిన కాజాలు కళ్ళు చికిలించుకుని తనే వేసేది. ఓ రోజు అలా పంపించాక పెద్ద కత్తెర మొద్దుబారి మొండికేసింది. ఎప్పుడూ సానపట్టేవాడు ఊళ్ళో లేడు. మార్కెట్టుకి అవతల ఇంకొకడున్నాడని విని బయల్దేరబోతే సన్నగా తుంపర. చిన్నామె మరిచిపోయిన బూడిదరంగు శాలువా మేకుకి కనిపిస్తే, అది కప్పుకుని నడిచింది.

సానవాడు కత్తెరని చక్రానికి ఆనించాడో లేదో, బండి కిందనుంచి ఓ పిల్లి వచ్చింది. గోధుమరంగుది, తెల్లమూతిది. తోక నిలబెట్టుకుని, పుట్టింటి మనిషి కనిపించినట్టు ఆమె కాళ్ళకి రాసుకుపోయింది. శాలువా కుచ్చులు పళ్ళతో పట్టి లాగింది. కత్తెరక్కకి పిల్లులంటే ఒళ్ళుమంట. నల్లకోటు మీద వెంట్రుకలు పడితే దులుపుకోలేక చావాలని కొట్టు ఛాయలకి రానిచ్చేది కాదు.

"ఛీ, పో! నీకూ నాకూ ఎక్కడి చుట్టరికమే?"

"మీతో కాదండీ, ఆ శాలువాతో," అని నవ్వాడు సానవాడు. "మధ్యాహ్నం పూట పిల్లి పడక దానిమీదే. కుట్టుకొట్టు ఆవిడ మీకేమవుతుంది?"

"ఏ కుట్టుకొట్టు?"

"అదిగో, పచ్చతలుపు. కొత్తగా తెరిచింది. కాలరు భలే కుదురుతుందండీ ఆవిడ చేతికి."

పిల్లి అప్పటికే నాలుగడుగులు వేసి, రావేం అన్నట్టు వెనక్కి చూస్తోంది. వెళ్ళొద్దని మనసు మొత్తుకుంటూనే ఉంది. కాళ్ళు దాని వెనకే వెళ్ళాయి.

పచ్చతలుపు వెనక ఒక మిషను, ఒక బల్ల, తీగమీద ఐదారు చొక్కాలు. చిన్నామె తలవంచుకుని కాలరు తిరగేస్తోంది. లోపల ఇరుక్కున్న మూలని సూదిమొనతో కొంచెం కొంచెంగా పైకి తీస్తోంది. అది కత్తెరక్క పద్ధతి. నేర్పింది కాదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని కళ్ళతో పట్టేసింది. పిల్లి ఒళ్ళోకి గెంతింది. "వచ్చావటే దొంగమొహమా..." అంటూ తలెత్తిన చిన్నామెకి గుమ్మంలో అక్క కనిపించింది.

"తలనొప్పి ఎలా ఉందే?" అంది కత్తెరక్క.

చిన్నామె సూదిని కాలర్లోనే గుచ్చి పక్కన పెట్టింది. "చెబుదామనే అనుకున్నానక్కా. బావగారు, మంచి సమయం చూసి నేనే చెప్తాలే అన్నారు."

"ఆయనకి తెలుసా?"

"గది చూసిపెట్టింది ఆయనే."

పొద్దున్నే కదా ఆ మహానుభావుడు, చెప్పులు వేసుకుంటూ, "పాపం, ఆ అమ్మాయిని డాక్టరుకి చూపించరాదూ," అన్నాడు!

"నీకేం తక్కువ చేశానే? నీమీద ఈగ వాలనిచ్చానా?"

"వాలనివ్వలేదు. అదే నా బాధ. తప్పు చేస్తే చేశానని ఒప్పుకోనివ్వవు. నా బదులు నువ్వే మాట్లాడతావు. ఈ సంగతి చెబితే నాతోనూ మాట్లాడి గెలిచేస్తావు. నేను సరే అక్కా అని మళ్ళీ కాజాలకి కూర్చుంటాను. అందుకే చెప్పలేదు."

కత్తెరక్క ఓసారి తీగమీది చొక్కాల కాలర్లకేసి చూసింది. శాలువా తీసి బల్లమీద పెట్టింది. పిల్లి దానిమీదకి దూకి చుట్టచుట్టుకుంది. ఎవరు కప్పుకొచ్చారన్నది దానికి పట్టలేదు.

ఆ సాయంత్రం మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. దాంతో ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడు చిన్నామె రాలేదు. ఎదురింటి ముసలావిడ ఊరుకుంటుందా? వచ్చి కూర్చుని అంతా రాబట్టింది.

"నీకూ ముందే తెలుసా పిన్నీ?"

"నాకెవరు చెప్తారమ్మా! నా చెవిన వేస్తే వీధికి వేసినట్టేనని అందరికీ తెలుసు. లే, ఇద్దరం వెళ్ళి దులిపేసి వద్దాం."

"వద్దు." కత్తెరక్క అలమరలోంచి తెల్లగుడ్డ ఒకటి తీసింది, దాచుకున్న మంచి గుడ్డ. "ఇది పట్టుకెళ్ళి ఆ పచ్చతలుపు కొట్లో బాబాయికి చొక్కా కుట్టించుకురా. నా పేరెత్తకు."

"ఎందుకూ, వంకలు పెట్టడానికా?"

"కాలరు చూడాలి."

"బాగుంటేనో?"

కత్తెరక్క సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. కొస తడిచేసి మళ్ళీ ఎక్కించబోయింది.

"బాగుంటే నాకు తేకు పిన్నీ. బాబాయికి తొడిగెయ్యి. కొన్నాళ్ళు నా కంటపడకుండా ఆయన్ని దొడ్డిగుమ్మంలోంచి తిరగమని చెప్పు."